గ్లాసు అంచున నారింజ ముక్క, చెట్టు మీద మన కుండ



కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి. నచ్చకపోతే తిట్టండి, కానీ మొత్తం చదివాకే తిట్టండి.

మేం రంపచోడవరం ఏజెన్సీ నుంచి వచ్చి పట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్లలం. మా గదిలో నలుగురం. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి మనుషులం మేమే. టైపు చేసేది ఒకరే గానీ ఇందులో ఉన్న మాట నలుగురిదీ. అందుకే "మేం" అని రాస్తున్నాం.

విషయం ఏంటంటే, బీరు గ్లాసు అంచుకి గుచ్చే నారింజ ముక్క. నవ్వకండి. ఈ ముక్క గురించి మనం మాట్లాడుకోవాల్సిన టైమ్ వచ్చింది.

పెళ్లిళ్ల సీజన్లో శని, ఆదివారాలు మా హాస్టల్ పిల్లలు చాలామంది క్యాటరింగ్ పనికి పోతారు. మేమూ పోతాం. గ్లాసులు కడగడం, పళ్లు కోయడం మా పని. పెద్ద పార్టీలైతే పుచ్చకాయ, బొప్పాయి కోయడంతో అయిపోదు, బీరుకి కూడా పళ్లు కోయాలి. గోధుమ బీరు పోసే పొడుగు గ్లాసుకి నారింజ చక్రం, తెల్ల గాజు సీసా మూతిలో దూర్చడానికి నిమ్మ ముక్క. ముక్క పెట్టగానే ఫోన్లు బయటికొస్తాయి. ఫొటో తీసుకుంటారు, స్టేటస్ పెడతారు. ఆ ఫొటో కింద "క్లాస్", "వైబ్" అని కామెంట్లు వస్తాయి.

సోమవారం కాలేజీకి పోతే, అదే స్టేటస్‌లకి లైకులు కొట్టినవాళ్లు మమ్మల్ని అడుగుతారు: "మీ ఊళ్లో అందరూ కల్లు తాగుతారంట కదా? ఆడవాళ్లు కూడా తాగుతారంట కదా?" అడగడంలోనే నవ్వు ఉంటుంది.

అది బార్లీ, గోధుమ పులియబెట్టి చేసింది. ఇది జీలుగు చెట్టు గెల నుంచి కారి, కుండలో తనంతట తాను పులిసింది. రెండింట్లోనూ మత్తు ఉంది. మరి ఒకటి క్లాస్, ఒకటి వెనకబాటుతనం ఎలా అయ్యాయి?

మా మాట ఇదీ. గ్లాసు మీది ముక్క రుచి కన్నా ముందు మర్యాదని అమ్ముతుంది. మన జీలుగు కల్లుకి, ఇప్ప సారాకి అలాంటి అరువు మర్యాద అక్కర్లేదు. చెట్టు మీద, కుండ మీద, అమ్మాలా వద్దా అనే దాని మీద నిర్ణయం మన గ్రామసభ చేతిలో ఉండాలి. అది లేకుండా ఎన్ని ముక్కలు గుచ్చినా మనకి ఒరిగేది ఏమీ లేదు.

ముక్క ఎక్కడ పుట్టింది

మొదట ఆ ముక్క కథ తెలుసుకుందాం. ఎప్పట్నుంచో ఉన్న గొప్ప ఆచారం అనుకుంటారు చాలామంది. కాదు.

అమెరికాలో డెన్వర్ నగరంలో బేస్‌బాల్ స్టేడియం లోపల ఒక చిన్న బీరు తయారీ కేంద్రం ఉంది. 1995లో అక్కడ కీత్ విల్లా అనే ఆయన బెల్జియం పద్ధతిలో ఒక గోధుమ బీరు చేశాడు. అదే తర్వాత బ్లూ మూన్ అయ్యింది. వెనకాల ఉన్నది కూర్స్ అనే పెద్ద కంపెనీ. ఆ బీరులో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు. అవును, మన కూరలో వేసే ధనియాలే. లోపల నారింజ తొక్క ఉంది కాబట్టి పైన నారింజ ముక్క పెడితే బాగుంటుందని ఆయనకి తోచింది. మొదట్లో ఆయనే నారింజ పళ్లు పట్టుకుని బార్లకి వెళ్లి, ఇలా పెట్టి ఇవ్వండి అని చెప్పాడంట. ఇది ఆ కంపెనీ దాచుకునే రహస్యం కాదు, గర్వంగా చెప్పుకునే కథ. బార్లో పది గ్లాసులు ఉంటే ముక్క ఉన్న గ్లాసు ఒక్కటే కళ్లకి కనబడుతుంది. పక్క టేబుల్ వాళ్లు "అదేంటి, మాకూ అదే" అంటారు. అంటే ముక్క ఒక బోర్డు లాంటిది. బోర్డు కట్టడానికి అద్దె కూడా అక్కర్లేదు.

నిమ్మ ముక్కది ఇంకో కథ. కరోనా అనే మెక్సికో బీరు 1925 నుంచి ఉంది. దాని సీసా తెల్ల గాజు. బీరులో వేసే హాప్స్ అనే పువ్వుకి వెలుతురు పడదు. ఎండ తగిలితే అందులోని చేదు పదార్థాలు మారిపోయి ఒక వెగటు వాసన వస్తుంది. అందుకే చాలా బీర్లు గోధుమరంగు సీసాల్లో వస్తాయి. తెల్ల సీసాలో నిమ్మ ఎందుకు దూరుస్తారంటే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఈగలు రాకుండా అంటారు, వాసన కప్పడానికి అంటారు, అమ్మకం కోసం అంటారు. ఏ కారణమైనా, నిమ్మ వాసన ముందు మిగతా వాసన తెలీదన్న మాట మాత్రం నిజం.

ఇంకో తమాషా. గోధుమ బీరుకి పెట్టింది పేరైన జర్మనీలోని బవేరియాలో పాత తాగుబడి ఉన్నవాళ్లకి నిమ్మ ముక్క వేస్తే నచ్చదు. పండు తొక్కలో ఉండే నూనె, పులుపు తగిలితే పైన నురగ కూలిపోతుంది. గోధుమ బీరుకి నురగే అందం కదా, దాన్ని నిమ్మతో చంపడం ఎందుకు అంటారు. అంటే మన దగ్గర "క్లాస్" అనుకుని ఫొటో తీసుకునేది అది పుట్టిన చోట కొందరికి "తెలియనితనం".

మర్యాద అనేది ముక్కలో ఉండదు, చూసేవాళ్ల కళ్లలో ఉంటుంది. కళ్లకి ఎవరు ఏం నేర్పారు అన్నదే అసలు ప్రశ్న.

ఒక ఊరి పానీయం కథ

ఆ నారింజ తొక్క, ధనియాల బీరు అసలు ఎక్కడిదో తెలుసుకుంటే మన కథ లాగే అనిపించింది మాకు.

బెల్జియంలో హూగార్డెన్ అని ఒక ఊరు. ఒకప్పుడు ఆ ఊరి నిండా ఈ తెల్ల గోధుమ బీరు చేసేవాళ్లే. కాలం మారింది, పెద్ద ఫ్యాక్టరీల బీరు వచ్చింది, ఒక్కొక్కటే మూతపడి 1950లలో చివరిది కూడా మూతపడింది. ఊరి రుచి పోయింది. అప్పుడు పియర్ సెలిస్ అనే ఒక పాలవాడు, చిన్నప్పుడు పక్కింటి బీరు కేంద్రంలో పనికి సాయం పట్టినవాడు, 1960లలో మళ్లీ మొదలెట్టాడు. చదువుకున్న ఇంజనీరు కాదు, పాలు పోసుకునే మనిషి. చేత్తో నేర్చుకున్న పని చేత్తోనే బతికించాడు. నలుగురికీ నచ్చింది, పెద్దదయ్యింది.

1985లో అతని కేంద్రం తగలబడిపోయింది. మళ్లీ కట్టడానికి డబ్బు కావాలి. డబ్బుతో పాటు పెద్ద కంపెనీ వచ్చింది. కొన్నాళ్లకి సెలిస్ బయటికొచ్చేసి, అమెరికాలో టెక్సస్ వెళ్లి మళ్లీ సున్నా నుంచి మొదలెట్టాడు. ఇక్కడ ఊళ్లో ఏమైందంటే, 2005లో ఆ కంపెనీ ఈ బీరు తయారీని వేరే ఊరికి తీసుకెళ్లిపోతాం అని ప్రకటించింది. పేరు హూగార్డెనే, చేసేది ఇంకో చోట. ఊరి జనం రోడ్డెక్కారు. చివరికి కంపెనీ వెనక్కి తగ్గింది.

ఈ కథలో మనకి రెండు పాఠాలు. ఒకటి, అంతరించిపోయింది అనుకున్న ఊరి పానీయాన్ని ఊరి మనిషే బతికించగలడు. రెండు, పేరు ఊరిదే అయినా తాళం చెవి ఇంకొకడి జేబులో ఉంటే, ఒకరోజు ఆ పేరుని కూడా మూటగట్టుకుని పట్టుకుపోతాడు.

మన కథ 1879లోనే మొదలైంది

ఇప్పుడు మన కొండలకి వద్దాం. అల్లూరి సీతారామరాజు పోరాటం 1922 నుంచి 1924 వరకు అని అందరం పరీక్షల్లో రాశాం. దానికి 43 ఏళ్ల ముందు, 1879లో, అదే రంప ప్రాంతంలో మనోళ్లు తిరగబడ్డారు. దాని గురించి మా హాస్టల్లో పదిమందిని అడిగితే తెలిసినవాళ్లు ఇద్దరే.

ఆ తిరుగుబాటుకి ఉన్న కారణాల్లో పెద్ద కారణం కల్లు. అంతకుముందు మన చెట్టు మనం గీసుకుని, మన ఇంటికి మనం తాగేవాళ్లం. రంప మున్సబుదారు కల్లు మీద చిగురుపన్ను అని వసూలు చేసేవాడు. ఆ పైన మద్రాసు ప్రభుత్వం కొత్త ఆబ్కారీ నిబంధనలు తెచ్చింది. ఇంటి వాడకానికి కూడా కల్లు గీయడం కుదరదంది. కల్లు హక్కుని కాంట్రాక్టర్లకి అప్పజెప్పింది. అంటే తాత నాటిన చెట్టు కింద మనవడు నిలబడి, మైదానం నుంచి వచ్చిన కాంట్రాక్టరుకి డబ్బు కట్టాలి. పోలీసుల దౌర్జన్యం, వడ్డీ వ్యాపారుల కోర్టు దావాలు దానికి తోడయ్యాయి. మార్చి 1879లో కొండ లేచింది. కారం తమ్మన్నదొర లాంటి నాయకులు కొండల్లో పోరాడారు. ఆయన 1880లో కాల్పుల్లో పోయాడు.

అటు బొంబాయి వైపు 1892లో ఇప్పపువ్వు మీదే చట్టం తెచ్చారు. పువ్వు ఏరుకోవడం, దాచుకోవడం నేరం అయ్యింది. చెట్టు నుంచి రాలిన పువ్వు!

ఎందుకిలా చేశారు? మన ఆరోగ్యం మీద ప్రేమతో కాదు. జనం తమ తాగుడు తాము చేసుకుంటే ఖజానాకి పైసా రాదు. దుకాణంలో కొనుక్కుంటే వస్తుంది. అప్పుడు పడిన ముద్ర ఇంకా చెరగలేదు. సీసాలో, సీలుతో, పన్నుతో వస్తే మద్యం. కుండలో వస్తే నాటు, నేరం.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి మేం చిన్నమాట కూడా అనం. దండం పెడతాం. దాని ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం సడలించారు. సడలించినప్పుడు బీరు, బ్రాందీ, విస్కీ తిరిగొచ్చాయి. సారా మాత్రం నిషేధంలోనే ఉండిపోయింది. అంటే కంపెనీ తాగుడికి క్షమాపణ దొరికింది, పేదవాడి కుండకి దొరకలేదు. ఆడవాళ్లు అడిగింది ఇంట్లో శాంతి. వచ్చింది వీధి చివర బెల్టు షాపు.

మన దగ్గర తాగుడు ఎలా ఉండేది

పెద్దవాళ్లని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాం. తప్పులుంటే మీ ఊరి పద్ధతి కింద రాయండి.

జీలుగు చెట్టు పూత పట్టడానికి పది, పదిహేనేళ్లు పడుతుంది. మొదలయ్యాక పై నుంచి కిందకి ఒక్కో గెల వేసుకుంటూ వస్తుంది. గెల కోసి కుండ కడతారు, పొద్దునా సాయంత్రం వెదురు నిచ్చెన ఎక్కి దింపుతారు. అన్ని గెలలూ అయిపోయాక చెట్టు చచ్చిపోతుంది. అదే దాని ఆయుష్షు. కరువు రోజుల్లో ఆ మొద్దులోని గుజ్జు దంచి పిండి చేసుకుని తిన్నవాళ్లు మన ముందుతరం. అందుకే జీలుగు చెట్టు ఇంట్లో మనిషి లాంటిది. ఎవరి చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు.

కుండ దిగాక తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తారు, పోయిన పెద్దల పేరు చెప్పి. తర్వాతే ఆకు దొప్పలోకి. పిల్లనడగడానికి పోతే కల్లు, తగువు తీరితే కల్లు, పండగకి కల్లు. నంజుకోడానికి కాల్చిన ఎండు చేప. మనవాళ్లు పానీయానికి కలిపేది గ్లాసు అంచు మీద పెట్టలేదు, నేల మీద పోశారు. అది ఫొటోలో పడదు. కానీ "నీ ముందు ఎవరో ఉన్నారు, వాళ్లకి పెట్టాకే నువ్వు" అని గుర్తు చేస్తుంది.

దీన్ని చూసి తమ్ముళ్లు తల దించుకోవాల్సిన పని లేదు. ఎవరైనా నవ్వుతూ అడిగితే, నవ్వకుండా చెప్పండి: అవును, మా ఇంట్లో చెట్టు ఉంది, దాని వయసు మాకు తెలుసు, నువ్వు తాగే దాని ఊరు నీకు తెలుసా?

ఇప్పుడెందుకు ఈ గోల

ఎందుకంటే మన కొండలకి రిసార్టులు వచ్చాయి. మారేడుమిల్లి, అరకు, లంబసింగి వైపు శని, ఆదివారాల్లో కార్లు ఆగకుండా వస్తున్నాయి. వచ్చినవాళ్లు వెదురు బొంగు చికెన్ తిన్నారు. ఇప్పుడు జీలుగు కల్లు కావాలంటున్నారు. మన గ్రూపులోనే కొందరు అన్నలు అంటున్నారు: "మనమే మంచి గ్లాసులో పోసి, ఒక నారింజ ముక్క, రెండు పుదీనా ఆకులు పెట్టి అమ్మితే తప్పేంటి? మన కుర్రాళ్లకి పని దొరుకుద్ది కదా?"

ఆలోచన చెడ్డది కాదు. మేం కూడా చాలాసేపు మాట్లాడుకున్నాం. బయట ఉదాహరణలూ ఉన్నాయి. గోవా జీడిమామిడి పండు సారా ఫెనీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది గోవాలో చేస్తేనే ఫెనీ. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్ప సారాని వారసత్వ మద్యంగా గుర్తించింది. అలీరాజ్‌పూర్‌లో భిల్లు ఆదివాసీల స్వయం సహాయక బృందం చేతిలో "మోండ్" అనే పేరుతో సీసాల్లోకి వచ్చింది. మన అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి "మన సరుకుకి పేరు రాదు" అనే మాట తప్పు.

కానీ ముక్క పెట్టేముందు నాలుగు ప్రశ్నలకి జవాబు రాసుకోవాలి.

మొదటిది, చెట్లు ఎన్ని? బార్లీ ఏటేటా పండుతుంది. జీలుగు పదిహేనేళ్లకి పూస్తుంది, తర్వాత చస్తుంది. వంద కార్లు వచ్చే ఊళ్లో పది చెట్లు ఉంటే కల్లు ఎక్కడి నుంచి వస్తుంది? కల్లు పొద్దున తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది, రేపటికి ఆగదు. ఆగనిదాన్ని ఆపాలంటే, లేనిదాన్ని చూపాలంటే కల్తీ ఒక్కటే దారి. కల్తీ జరిగితే పోయేది టూరిస్టు డబ్బు, మన పరువు. కొన్నిసార్లు ప్రాణం కూడా.

రెండోది, గీసేవాడికి ఎంత? నిచ్చెన ఎక్కేది మన మామ. జారితే నడుము విరిగేది ఆయనది. గ్లాసు మీద ముక్క పెట్టాక రేటు పెరుగుతుంది. ఆ పెరిగిన డబ్బు ముక్క పెట్టినవాడికా, నిచ్చెన ఎక్కినవాడికా?

మూడోది, పేరు ఎవరిది? రేపు ఎవడో కంపెనీ వాడు వచ్చి మన కొండ పేరు, మన దేవత పేరు సీసా మీద వేసి, మైదానంలో ఫ్యాక్టరీ పెడితే? హూగార్డెన్ జనం రోడ్డెక్కారు, వాళ్లకి ఊరి పేరు సీసా మీద ఉందని తెలుసు కాబట్టి. మనకి తెలిసేలోపే అయిపోతుంది.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది, ఎవరు నిర్ణయించారు? 1996 పెసా చట్టం సెక్షన్ 4 చదవండి. ఐదో షెడ్యూలు ప్రాంతంలో మత్తు పదార్థాల అమ్మకం, వాడకం నిషేధించడానికి, నియంత్రించడానికి, హద్దు పెట్టడానికి అధికారం గ్రామసభకి, తగిన స్థాయి పంచాయతీకి ఉండాలని అందులో రాసి ఉంది. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గురించి కూడా అక్కడే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఆ ఉత్పత్తులు సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు మనదేనంటుంది. అంటే 1879లో మన నుంచి లాక్కున్నది కాగితం మీదైతే వెనక్కి వచ్చింది. కాగితం మీదే ఉంది, ఊళ్లోకి ఇంకా రాలేదు.

ఆ సెక్షన్‌లో మొదటి మాట "నిషేధించడానికి" అని ఉంది, గమనించండి. మా అమ్మలు, అక్కలు గ్రామసభలో లేచి "మా ఊళ్లో అమ్మకం వద్దు, రిసార్టుకీ వద్దు, బెల్టు షాపూ వద్దు" అంటే అదే ఫైనల్ కావాలి. తాగుడు వల్ల దెబ్బలు తినేది వాళ్లు. బియ్యం డబ్బులు సీసాకి పోతే పిల్లలకి ఏం వండాలో తెలీక కూర్చునేది వాళ్లు. సంప్రదాయం అనే పేరు చెప్పి వాళ్ల నోరు మూయిస్తే ఆ సంప్రదాయం మాకు అక్కర్లేదు. పండగ కుండ వేరు, రోజూ సీసా వేరు. ఈ తేడా మనకన్నా మన అమ్మలకి బాగా తెలుసు. కాబట్టి జీలుగు కల్లు వ్యాపారం గురించి మొదట మాట్లాడాల్సింది రిసార్టు మేనేజరుతో కాదు, ఊరి ఆడవాళ్లతో.

తమ్ముళ్లకి, చెల్లెళ్లకి రెండు మాటలు

ఇది తాగండి అని చెప్పే పోస్టు కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మడం నేరం. మాకే ఇంకా నిండలేదు.

పండు ముక్క ఉంది కాబట్టి జ్యూస్ లాంటిదే అని హాస్టల్లో ఒక మాట తిరుగుతోంది. లెక్క వేసి చూడండి. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం బీరు ఉంటే అందులో అసలు ఆల్కహాల్ దాదాపు 32 మిల్లీలీటర్లు. అదే 8 శాతం స్ట్రాంగ్ అయితే 52 మిల్లీలీటర్లు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులో ఉండేది దాదాపు 13. అంటే ఒక్క స్ట్రాంగ్ సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం. పైన నారింజ పెట్టినా, యాపిల్ పెట్టినా ఆ 52 తగ్గదు. ముక్క చేసే పని ఒక్కటే, మొదటిసారి తాగేవాడికి చేదు తెలీకుండా చేయడం. చేదు అనేది నాలుక చేసే హెచ్చరిక. దాన్ని కప్పేస్తే ఇంకోటి తాగుతాడు.

క్యాటరింగ్ పనికి పోయేవాళ్లకి ఇంకో మాట, ఇది మాత్రం తప్పక గుర్తుపెట్టుకోండి. పగటి పార్టీల్లో, తోటల్లో, నిమ్మకాయలు కోసి, పిండి, అదే చేతులతో ఎండలో తిరగొద్దు. నిమ్మరసంలోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన గాయాల్లా బొబ్బలు లేస్తాయి, తర్వాత నల్ల మచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. డాక్టర్లు దీనికి "మెక్సికన్ బీర్ డెర్మటైటిస్" అనే పేరు కూడా వాడారు, సీసాలో నిమ్మ పిండుకునేవాళ్లకి వస్తుందని. తాగేవాడు ఒక ముక్క పిండుతాడు, మనం మూడొందలు కోస్తాం. గ్లౌజులు అడగండి. ఇవ్వకపోతే కోసిన వెంటనే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. అమెరికాలో 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో 21 రెస్టారెంట్లలో గ్లాసుల అంచున ఉన్న 76 నిమ్మ ముక్కలు పరీక్షిస్తే దాదాపు 70 శాతం మీద సూక్ష్మక్రిములు కనబడ్డాయి. కాబట్టి పండు కడగకుండా కోయొద్దు. తాగేవాళ్ల కోసం, మన కోసం కూడా. ఆ ఫొటోలో ముక్క కనబడుతుంది, కోసిన చెయ్యి కనబడదు. కనబడకపోయినా చెయ్యి మనదే, కాపాడుకోవాల్సింది మనమే.

ఏం చేద్దాం

ఊరికే బాధపడి వదిలేస్తే లాభం లేదు. సెలవులకి ఊరెళ్లినప్పుడు చేయగలిగిన పనులు కొన్ని రాస్తున్నాం.

మీ ఊళ్లో జీలుగు చెట్లు, ఇప్ప చెట్లు ఎన్ని ఉన్నాయో లెక్క రాయండి. ఏ కుటుంబానివో, ఎన్ని గీస్తున్నారో, ఎన్ని కొత్తగా నాటారో. నాటినవి లేకపోతే అదే మొదటి పని.

తాతలని కూర్చోబెట్టి గీత పని మాటలు మన భాషలో రాసుకోండి. కత్తికి ఏమంటారు, గెలకి ఏమంటారు, మొదటి కుండకి ఏమంటారు. కోయలో, కొండరెడ్ల మాటలో, గోండిలో, కువిలో. రేపు భౌగోళిక గుర్తింపు అడగాలన్నా ఈ రాతలే సాక్ష్యం.

పెసా చట్టం తెలుగు ప్రతి ఒకటి ప్రింటు తీసి గ్రామసభలో గట్టిగా చదవండి. కల్లు, సారా, బెల్టు షాపు, రిసార్టు, నాలుగింటి మీదా విడివిడిగా చర్చ పెట్టండి. ఆడవాళ్లు సగం కన్నా తక్కువ ఉంటే ఆ రోజు తీర్మానం చేయొద్దు.

ఎవరైనా రిసార్టు వాళ్లు, కంపెనీ వాళ్లు కల్లు కోసం వస్తే నోటి మాట మీద ఒప్పుకోవద్దు. రోజుకి ఎంత, రేటు ఎంత, ఏ నెలలు, పేరు ఎవరిది, ఎప్పుడు ఆపేయవచ్చు అనేవి గ్రామసభ తీర్మానంలో ఉండాలి.

ఇవన్నీ అయ్యాక, ఊరు ఒప్పుకున్నాక, ఎవరైనా అతిథి మన కల్లు దొప్ప పక్కన ఒక నారింజ తొన పెట్టుకుంటానంటే మాకేం అభ్యంతరం లేదు. మన కొండల్లో కూడా నారింజలు, నిమ్మలు, పనసలు ఉన్నాయి. రుచి కోసం పెట్టుకునే ముక్కతో మాకు గొడవ లేదు. మన దగ్గర లేని గౌరవాన్ని ముక్క తెచ్చిపెడుతుంది అనే నమ్మకంతోనే గొడవ.

మీ ఊళ్లో జీలుగు చెట్లు ఎన్నో, గ్రామసభలో తాగుడు గురించి చివరిసారి ఎప్పుడు మాట్లాడారో కింద రాయండి. అక్కలు, చెల్లెళ్లు ముందు రాయాలని మా విన్నపం. అన్నలు తర్వాత రాయొచ్చు.

జోహార్.